రాకీ గుర్రుమనడం మానేశాడు, సంతోషించాలా భయపడాలా?

రాకీవాళ్ళమ్మ | జులై 6, రాత్రి 10:48

అందరికీ నమస్తే అండి. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. మాది కూకట్‌పల్లి, అపార్ట్‌మెంట్లో నాలుగో ఫ్లోరు. నేను, మా వారు, అత్తయ్య, రెండో తరగతి చదివే పాప. మార్చిలో మా వీధి చివర డ్రైనేజీ పక్కన దొరికాడు వీడు, ఇండీ (మన నాటు కుక్క) పిల్ల, డాక్టర్ గారు పళ్ళు చూసి రెండు నెలలుంటాయి అన్నారు, ఆ లెక్కన ఇప్పుడు ఆరో నెల. పేరు రాకీ. పాప పెట్టింది, ప్రతి మూడో కుక్క రాకీయే అని నాకూ తెలుసు.

సంగతేంటంటే వీడు తినేటప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమనేవాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని మా వారు భయపడి ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్‌ని ఒకాయన్ని మాట్లాడారు. ఆయన వచ్చిన రోజే చోక్ చైన్ (గుంజితే మెడ బిగించే గొలుసు) వేసేశాడు. గిన్నె పెట్టడం, గుర్రుమనగానే చైన్ గుంజడం, నో అని అరవడం, గిన్నె లాగేసుకోవడం. మీరే ఆల్ఫా, అంటే గుంపుకి నాయకుడు, అని కుక్కకి తెలియాలి, ముందు మీరు తిని తర్వాతే దానికి పెట్టండి అని చెప్పాడు. నిజం చెప్పాలంటే పది రోజుల్లో గుర్రుమనడం పూర్తిగా పోయింది, మా వారు అందరికీ వీడియోలు కూడా పంపించారు.

కానీ నాకే ఏదో తేడాగా ఉంది. గిన్నె పెట్టగానే నమలకుండా మింగేస్తున్నాడు. నేను పక్క నుంచి నడిస్తే మూతి గిన్నెలోనే ఉంచి కొయ్యలా బిగుసుకుపోతున్నాడు, కళ్ళు మాత్రం ఓరగా నా వైపు, తెల్లగుడ్డు కనపడేలా. సాయంత్రం ఆరింటికి బెల్ మోగితే చాలు సోఫా కిందకి దూరి సుస్సు పోసేస్తున్నాడు. ఇంకా 20 రోజుల ప్యాకేజీ ఉంది, డబ్బులు ముందే కట్టేశాం. ఇది మంచి ట్రైనింగేనా అండి?

కరీంనగర్_పోరడు | జులై 6, రాత్రి 11:15

అక్కా ముందుగాల ఆ చైన్ తీసి అవుతల పారేయ్. బెల్ కొడితే ఉచ్చ పోస్తుండు అంటే ఇంక అడిగేదేముంది, ఆన్ని సూస్తే గజగజ వణుకుతుండు గంతే. ట్రైనింగ్ కాదది. పైసలు పోతే పోనీ, రేపు బెల్ కొడితే తలుపు తియ్యకు.

గుంటూరు_పశువైద్యుడు | జులై 7, ఉదయం 6:20

మీకు తేడాగా అనిపించింది కదా, అది కరెక్టే అమ్మా.

గుర్రు అనేది కుక్క కొట్టే హారన్. "నాకు భయంగా ఉంది, ఇంకొంచెం దూరం జరుగు" అని మనకి వినపడేలా చెప్పడానికి దానికున్న మాట అది, అంతకుముందు చెప్పినవన్నీ మనకి కనపడలేదు కాబట్టి హారన్ దాకా వచ్చింది. బిగుసుకుపోవడం, ఓరచూపు, ఆకలి లేకపోయినా గబగబా మింగడం, మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ఇవన్నీ ముందు మెట్లు. మీ ట్రైనర్ భయాన్ని తియ్యలేదు, హారన్ వైరు పీకాడు. వైరు పీకిన లారీ చప్పుడు లేకుండా మీదకొచ్చేస్తుంది. పైగా ముందు వాడికి గిన్నె పోతుందేమో అన్న అనుమానమే ఉండేది, ఇప్పుడు గిన్నె దగ్గరికి మనిషొస్తే గిన్నె పోవడమే కాక మెడ కూడా బిగుస్తుంది అని రుజువైపోయింది.

ఈ క్షణం నుంచి మీరు చెయ్యాల్సింది ఒకటే. వాడు తినేటప్పుడు పాప ఆ గదిలో ఉండకూడదు, తలుపు వేసెయ్యండి. గిన్నెలో చెయ్యి పెట్టి చూడటం, మధ్యలో లాగి పరీక్షించడం ఎవ్వరూ చెయ్యొద్దు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం, నాకు క్యాంపు ఉంది, సాయంత్రం వస్తా.

పాతకాలం_రావు | జులై 7, ఉదయం 9:02

అందరూ ఆ ట్రైనర్ మీద పడ్డారు గానీ, మా ఇంట్లో మూడు తరాలుగా కుక్కలున్నాయి. పేపరు చుట్టి మూతి మీద ఒక్కటేస్తే జన్మలో మళ్ళీ గుర్రుమనేది కాదు. ఈ బిస్కెట్ పెట్టి బతిమాలుకునే ట్రైనింగులు ఇప్పుడొచ్చినవి. కుక్కని కుక్కలా పెంచాలి, నెత్తిన పెట్టుకుంటే ఇదిగో ఇలాగే ఉంటుంది.

డల్లాస్_హస్కీ | జులై 7, రాత్రి 8:40

రావు గారూ, మీ అనుభవాన్ని కాదనను గానీ ఆ ఆల్ఫా కథ సంగతి కొంచెం చెప్పాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన ఎన్‌క్లోజర్‌లో పెట్టిన తోడేళ్ళని చూసి రాశాడు, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని ఒకే చోట కుక్కితే కొట్టుకోక ఏం చేస్తాయి. తర్వాత 1970లో డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త తన పుస్తకంలో ఆ మాట వాడటంతో జనంలోకి బాగా వెళ్ళిపోయింది. అదే మెక్ అడవిలో ఏళ్ళ తరబడి తోడేళ్ళని చూశాక 1999లో ఆ మాట సరైంది కాదు, అడవిలో గుంపంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ అని తనే రాశాడు. కనిపెట్టినోళ్ళే వదిలేసినా మన ట్రైనర్లు మాత్రం వదల్లేదు. మీరు ముందు తింటే కుక్క మీకు లొంగదు అండి, దానికి ఆకలేస్తుంది అంతే.

పాతకాలం_రావు | జులై 7, రాత్రి 9:11

తోడేళ్ళ సంగతి నాకెందుకు, మా ఇంట్లో ఉన్నది పొమరేనియన్.

కొత్తగా_వచ్చా | జులై 8, మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు సారీ, మాది కూడా ట్రైనింగ్ ప్రాబ్లమే. మూడు నెలల లాబ్రడార్ పిల్ల, తిరుపతి. ఇల్లంతా వదిలేసి కరెక్టుగా దేవుడి గది ముందు మ్యాట్ మీదే పోస్తుంది. అమ్మ రోజుకి రెండుసార్లు ఇల్లు కడుగుతోంది, ఈ వారంలో కుక్కో నేనో ఎవరో ఒకరు బయటికి పోవాలంటోంది. మూతి అందులో రుద్దితే అర్థమవుతుందని పక్కింటాయన అన్నాడు, చెయ్యనా?

పగ్గు_సీతమ్మ | జులై 8, మధ్యాహ్నం 2:05

అయ్యో చెయ్యకు నాయనా. రుద్దితే దానికి అర్థమయ్యేది ఒకటే, మీ కళ్ళ ముందు పోస్తే ప్రమాదం అని. అప్పట్నుంచి మంచం వెనకా బీరువా సందులోనూ పోస్తుంది, అది వెతకడం ఇంకో నరకం, మా మొదటి పగ్గుతో పడ్డాను విశాఖలో.

మూడు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు మూడు, నాలుగు గంటల కన్నా ఆపుకోలేదు, అది కూడా బాగా ఎక్కువ చెప్పాను. నిద్ర లేవగానే, తినగానే, ఆట అయిపోగానే ఎత్తుకుని కిందకో టెర్రస్ మీదకో తీసుకుపో, అదే చోటికి. పోసిన వెంటనే, అక్కడే, ఒక చిన్న ముక్క నోట్లో పెట్టు. ఇంట్లోకొచ్చాక పెడితే ఇంట్లోకొచ్చినందుకు పెట్టావనుకుంటుంది. ఇంట్లో పోసింది గుడ్డతో తుడిచి వెనిగర్ నీళ్ళతో మళ్ళీ తుడవండి, మన ముక్కుకి పోయినా దాని ముక్కుకి వాసన పోదు, అందుకే అదే మ్యాట్. ఆ మ్యాట్ ముందు తీసెయ్యండి అసలు. కుక్కకి మెత్తగా తగిలితే చాలు, దేవుడి గదో కాదో దానికేం తెలుసు.

గుంటూరు_పశువైద్యుడు | జులై 8, రాత్రి 9:50

సీతమ్మ గారు చెప్పింది చాలు. ఒక్కటి కలుపుతా. టీకాలు పూర్తయ్యే దాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దించొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే పిల్ల దక్కడం కష్టం. అలాగని ఇంట్లోనే దాచిపెట్టొద్దు కూడా. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా పిల్లలు చూసిందాన్నల్లా మామూలే అని ఒప్పేసుకునే కాలం, అది దాటాక కొత్తవన్నీ అనుమానమే. చంకనెత్తుకుని బజారుకి తీసుకెళ్ళండి, ఆటోలు, హెల్మెట్ వాళ్ళు, గుడి గంట, చిన్నపిల్లలు, గొడుగులు, అన్నీ దూరం నుంచి చూపించి ముక్క పెట్టండి. రేబిస్ టీకా మూడు నెలలకి, తర్వాత డాక్టర్ చెప్పిన తేదీకి బూస్టర్, నులిపురుగుల మందు ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి.

రాకీవాళ్ళమ్మ | జులై 9, రాత్రి 11:02

ట్రైనర్‌ని మానిపించేశామండి. ఫోన్‌లో చాలా మాటలన్నాడు, రేపు కరిస్తే నాకు ఫోన్ చెయ్యొద్దు అని కూడా. డబ్బులు రావు. మా వారు రెండు రోజులు మాట్లాడలేదు నాతో. దానికి తోడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు కుక్కని లిఫ్ట్‌లో తేవద్దు మెట్లెక్కించమంటున్నారు, అన్నీ ఒకేసారి.

పగ్గు_సీతమ్మ | జులై 9, రాత్రి 11:20

లిఫ్ట్ ఆపే హక్కు వాళ్ళకి లేదు, కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రింట్ తీసి నోటీసు బోర్డు మీద అంటించండి, గొడవ పడకండి. లీష్ చిన్నగా పట్టుకోండి, ఎవరైనా ఉంటే తర్వాతి లిఫ్ట్‌లో వెళ్ళండి, అదీ మన బాధ్యతే.

రాకీవాళ్ళమ్మ | జులై 20, రాత్రి 9:33

కరిచాడు. మా ఆడపడుచు పిల్లలు ఆదివారం వచ్చారు, బాబుకి ఆరేళ్ళు. చికెన్ తింటుంటే ఎముక కింద పడింది, రాకీ దాని మీద నిలబడ్డాడు, బాబు తీద్దామని వంగాడు. ఒక్క చప్పుడు లేదు అండి. గుర్రు లేదు, పళ్ళు చూపించలేదు. చెయ్యి పట్టేశాడు, రెండు చోట్ల పన్ను దిగింది. ఇంట్లో అందరూ ఏడుపులు. ఏం చెయ్యాలో తెలియట్లేదు, పసుపు పెట్టి కట్టు కట్టాం, టీకా ఉంది కదా కుక్కకి, పర్లేదా?

గుంటూరు_పశువైద్యుడు | జులై 20, రాత్రి 9:41

కట్టు విప్పెయ్యండి. పసుపు కడిగెయ్యండి. పారే నీళ్ళ కింద సబ్బుతో గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగండి. తర్వాత వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి, కుక్కకి టీకా కార్డుంటే పట్టుకెళ్ళి చూపించండి గానీ అది ఉంది కదా అని మానెయ్యొద్దు, ఎన్ని డోసులు, ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కావాలా అన్నది అక్కడ డాక్టర్ చెప్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. కుక్కని పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించాలి. వెళ్ళొచ్చాక రాయండి.

రాకీవాళ్ళమ్మ | జులై 21, ఉదయం 7:15

వెళ్ళొచ్చామండి. మొదటి డోసు ఇచ్చారు, మళ్ళీ మూడో రోజు రమ్మన్నారు. బాబు బాగానే ఉన్నాడు, స్కూల్లో చూపించుకోవాలని ఉత్సాహంగా ఉన్నాడు. మా ఆడపడుచు మాత్రం వాణ్ణి ఎక్కడైనా వదిలెయ్యమంటోంది. రాకీ రాత్రంతా బాల్కనీలోనే ఉన్నాడు, అన్నం ముట్టలేదు. పాప తలుపు ఇటువైపు పడుకుంది.

పాతకాలం_రావు | జులై 21, ఉదయం 8:30

అమ్మాయ్, ఇంతకీ ఒక్కటి అడుగుతా. ఆ ట్రైనర్ రాకముందు ఎవర్నైనా కరిచాడా?

రాకీవాళ్ళమ్మ | జులై 21, ఉదయం 8:44

లేదండి. గుర్రుమనేవాడంతే. మేం పక్కకి వెళ్ళిపోయేవాళ్ళం.

పాతకాలం_రావు | జులై 21, ఉదయం 8:52

ఊఁ.

గుంటూరు_పశువైద్యుడు | జులై 22, రాత్రి 10:10

ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, అమ్మా, వాణ్ణి వదిలెయ్యాల్సిన పని లేదు అని నా అభిప్రాయం, కానీ ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ కొంచెం టైం పెట్టగలిగితేనే. వీధిలో వదిలేస్తే రేపు ఇంకో పిల్లాణ్ణి కరుస్తాడు, అది పరిష్కారం కాదు.

మనం చెయ్యబోయేది గుర్రు ఆపడం కాదు, మనిషి దగ్గరికి రావడం అంటే వాడికి లాభం అని మార్చడం. గిన్నెలో మామూలు అన్నం పెట్టండి. మీరు వాడు బిగుసుకోని దూరంలో నిలబడండి, పది అడుగులైనా సరే, హాల్లో అంత చోటు లేకపోతే వంటింటి గుమ్మం దగ్గర. అక్కడి నుంచి అన్నం కన్నా మంచి ముక్క, ఉడికించిన చికెన్, గిన్నె పక్కకి విసిరి వెనక్కి తిరిగి వెళ్ళిపోండి. వెళ్ళిపోవడం ముఖ్యం. రోజుకి ఐదారుసార్లు చాలు. మీరు కనపడగానే వాడు తలెత్తి తోక ఆడిస్తూ "ఏది ముక్క" అన్నట్టు చూస్తే మర్నాడు అర అడుగు దగ్గరికి. బిగుసుకున్నాడా, మీరు తొందరపడ్డారు, వెనక్కి జరగండి. ఇది వారాల పని, ఒక్కోసారి నెలలు. పాప ఇందులో అస్సలు లేదు. ఎముకలు ఇంట్లో బంద్, ఉడికిన ఎముక ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది కూడా, అదొక ఆపరేషన్.

డల్లాస్_హస్కీ | జులై 23, ఉదయం 5:05

దీనికి తోడు వదిలే ఆట నేర్పండి. బొమ్మ నోట్లో ఉన్నప్పుడు లాక్కోవద్దు, ముక్క ముక్కు దగ్గర పెట్టండి, వదలగానే "భేష్" అని ముక్క ఇచ్చి, బొమ్మ కూడా తిరిగి ఇచ్చెయ్యండి. తిరిగి ఇవ్వడమే అసలు కిటుకు, ఇస్తే పోదు అని తెలుస్తుంది. విలువ లేని వస్తువులతో మొదలుపెట్టండి, పాత సాక్సు లాంటివి కాదు, సాక్సు కుక్కలకి బంగారం.

ఇంకోటి, మాట ఏదైనా ఇంటిల్లిపాదీ ఒకటే వాడాలి. మా ఇంట్లో నేను సిట్ అంటా, మా ఆవిడ కూర్చో అంటుంది, ఊర్నించి వచ్చిన మా నాన్న కూకో అంటాడు, పాపం మా హస్కీ ముగ్గురి మొహాలూ చూసి పడుకునేది.

రాకీవాళ్ళమ్మ | ఆగస్టు 2, రాత్రి 10:37

ఒక విచిత్రం చెప్పాలి మీకు.

పది రోజులుగా డాక్టర్ గారు చెప్పినట్టే చేస్తున్నా. నాతో ఎనిమిది అడుగుల దగ్గర ఆగిపోయింది, ముందుకి పోవట్లేదు. మా వారితో ఇంకా ఎక్కువ దూరం, ఆయన్ని చూస్తే చైన్ గుర్తొస్తుందేమో, ట్రైనర్ ఉన్నప్పుడు చైన్ పట్టుకుంది ఆయనే మరి. కానీ అత్తయ్య వస్తే వీడు తినే గిన్నె వదిలేసి తోక ఊపుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్తున్నాడు! ఆవిడ ఎప్పుడూ ట్రైనింగ్ ఏమీ చెయ్యలేదు, కుక్కంటే ఇష్టం కూడా లేదు.

ఎందుకా అని రెండ్రోజులు గమనించాను. అత్తయ్యకి మడి. పొద్దున్న మడిబట్టలో ఉన్నప్పుడు వీడు తగిలితే మళ్ళీ స్నానం. అందుకని వీడు దగ్గరికి రాకుండా వంటింటి గుమ్మంలోంచి అప్పడం ముక్కో కొబ్బరి ముక్కో గిన్నె వైపు విసిరి, "పోరా, అక్కడే తిను" అని లోపలికి వెళ్ళిపోతుంది. వీడొచ్చిన రోజు నుంచి, రోజుకి నాలుగైదుసార్లు, ఐదు నెలలుగా. ఎప్పుడూ ముట్టుకోలేదు, ఎప్పుడూ గిన్నె తియ్యలేదు.

నేను చెప్తే ఆవిడ నవ్వలేదు, "నేను దాన్ని తరిమాను కదే" అంది.

కరీంనగర్_పోరడు | ఆగస్టు 2, రాత్రి 10:50

హహహ అక్కా మీ అత్తమ్మకు ఆ 20 రోజుల ప్యాకేజీ పైసలు ఇయ్యాలె

గుంటూరు_పశువైద్యుడు | ఆగస్టు 3, ఉదయం 6:05

నేను రాసిన పద్ధతే, చెప్పకుండా చేసేశారు పెద్దావిడ. విసిరి వెళ్ళిపోవడం. ఇప్పుడు మీ వారిని అదే గుమ్మంలో నిలబెట్టండి, అత్తగారు విసిరే టైములోనే, అదే ముక్క. ఆవిడ పక్కన ఆయన, తర్వాత ఆయనొక్కరే. అప్పడం మాత్రం మానిపించండి, ఉప్పు, సోడా, నూనె. కొబ్బరి చిన్న ముక్కయితే పర్లేదు.

రాకీవాళ్ళమ్మ | ఆగస్టు 3, ఉదయం 8:12

తిండి సంగతి కూడా అడగాలి. మా ఇంట్లో వాడికి రెండు పూటలా పెరుగన్నం, ఆదివారం చికెన్. అత్తయ్య ప్రసాదం కూడా పెడుతుంది. ఇంకేమైనా మార్చాలా?

గుంటూరు_పశువైద్యుడు | ఆగస్టు 3, రాత్రి 9:30

పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచిన కుక్కలు నా దగ్గరికి వారానికి నాలుగు వస్తాయి, బొచ్చు రాలుతోంది సార్ అని. అన్నం, పెరుగు తప్పు కాదు, కుక్కలు అన్నం బాగానే అరిగించుకుంటాయి, కానీ ఎదిగే పిల్లకి మాంసకృత్తులు, కాల్షియం అందులో చాలవు. ఉప్పూ కారం మసాలా లేకుండా ఉడికించిన చికెన్ లేదా కోడిగుడ్డు, గుమ్మడికాయ, క్యారెట్, కొంచెం అన్నం. పూర్తిగా ఇంటి తిండే పెడతామంటే ఒకసారి డాక్టర్ చేత లెక్క వేయించుకోండి, లేకపోతే సగం పప్పీ ఫుడ్ కలపండి.

ప్రసాదం దగ్గర జాగ్రత్త. చక్రపొంగలి, కేసరిలో కిస్‌మిస్ ఉంటుంది, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బ తీస్తాయి, ఎంత తింటే ప్రమాదం అన్నది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అసలే వద్దు. పులుసులో ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలని చంపుతాయి. చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ వద్దు. మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది, వేసవిలో ఒక్కటైనా కోస్తా నేను. ఒళ్ళు వేడిగా ఉందని ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళ ఎప్పుడూ వెయ్యకండి, కుక్క మామూలు టెంపరేచరే 101 నుంచి 102.5 ఉంటుంది.

పొలంకుక్క | ఆగస్టు 10, రాత్రి 8:15

నమస్కారమండి, మాది భీవరం పక్కన. వానలు పడ్డాక మా రెండు కుక్కలకీ పిడుదులు కుప్పలండి బాబూ, చెవుల్లో, వేళ్ళ సందుల్లో. మా వేపు కిరసనాయిలు గుడ్డతో తుడుస్తారు, కొందరు అగ్గిపుల్ల పెడతారు. పడిపోతన్నాయి గానీ నాలుగు రోజులకి మళ్ళీ అదేనండి. ఏం చెయ్యమంటారు?

కరీంనగర్_పోరడు | ఆగస్టు 10, రాత్రి 8:40

అన్నా కిరసనాయిల్ వద్దే వద్దు, తోలు కాల్తది, నాకితే కడుపులకు పోతది. మా లాబ్‌గానికి పోయిన వానకాలం గోమార్లు (మా దిక్కు గట్లంటం) లైట్ తీసుకున్న, పది దినాలకు తిండి బంద్, ముక్కులకెల్లి రక్తం. పట్టుకొని ఉరికితే టిక్ ఫీవర్ (గోమార్లతోని వచ్చే జరం) అన్నరు, ప్లేట్‌లెట్లు 2 లక్షల పైన ఉండాల్సినయి 40 వేలు కూడ లెవ్వు. 28 దినాలు బిళ్ళలు మింగిచ్చిన, బతికిండు గని నా పాణం పోయింది.

గుంటూరు_పశువైద్యుడు | ఆగస్టు 11, ఉదయం 6:15

నాలుగు రోజులకి మళ్ళీ ఎందుకొస్తున్నాయంటే, కుక్క మీద మీకు కనపడేవి కొన్నే. రక్తం తాగిన ఆడది దిగిపోయి గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకీ ఇంటికీ రెండింటికీ చెయ్యాలి. నెలకొకటో మూడు నెలలకొకటో నమిలించే బిళ్ళలు వచ్చాయి, బరువుని బట్టి డాక్టర్ ఇస్తారు, ఫిట్స్ వచ్చే కుక్కయితే ముందే చెప్పండి. కుక్క పడుకునే గోనెలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యండి. చేత్తో తీస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా తిన్నగా లాగండి, వేళ్ళతో నలపొద్దు. కుక్కల మందుల్లో పర్మెత్రిన్ ఉన్నవి పిల్లులకి విషం, మీ ఇంట్లో పిల్లి ఉంటే గుర్తుంచుకోండి.

పొలంకుక్క | ఆగస్టు 11, రాత్రి 7:50

పిల్లి లేదండి, రెండు గేదెలున్నాయి. వాటికీ ఉన్నాయి పిడుదులు. రేపు భీవరం వెళ్ళి కనుక్కుంటానండి ఆయ్.

రాకీవాళ్ళమ్మ | సెప్టెంబర్ 8, రాత్రి 11:55

నిమజ్జనం అయిపోయింది, బతికాం. మా వీధిలో డీజే అంటే మీకు తెలియంది కాదు, కిటికీ అద్దాలు అదిరాయి. సీతమ్మ గారు వేరే చర్చలో రాసింది చదివి అలాగే చేశాను. సాయంత్రం నాలుగుకే తిప్పుకొచ్చి, లోపలి బెడ్‌రూమ్‌లో కర్టెన్లు దించి, కూలర్ ఫుల్లుగా పెట్టి, డప్పు దూరంగా వినపడ్డప్పట్నుంచే ప్రతి చప్పుడుకీ ఒక ముక్క. దగ్గరికొచ్చాక ముక్క తినలేదు, నా కాళ్ళ మధ్య దూరాడు. ముద్దు చేస్తే భయం అలవాటవుతుంది అని ట్రైనర్ అనేవాడు, అది నిజమా?

పగ్గు_సీతమ్మ | సెప్టెంబర్ 9, ఉదయం 7:20

అబద్ధం. భయం అనేది కూర్చో, పడుకో లాంటి పని కాదు, ముక్క పెట్టో ముద్దు పెట్టో పెంచడానికి. దగ్గరికొస్తే ఉండనియ్యండి, దాక్కుంటానంటే దాక్కోనివ్వండి, బలవంతంగా బాల్కనీలోకి తీసుకెళ్ళి చూపించడం ఒక్కటే చెయ్యకూడదు. తినలేదంటే చప్పుడు వాడి హద్దు దాటిందని. దీపావళికి ఇంకా టైముంది, ఇప్పట్నుంచే ఫోన్‌లో టపాకాయల చప్పుడు బాగా చిన్నగా పెట్టి అన్నంతో పాటు వినిపించండి, రోజూ కొద్దిగా పెంచండి. మరీ వణికిపోయే కుక్కలకి డాక్టర్లు మందులిస్తారు, సిగ్గు పడక్కర్లేదు. మెడ పట్టీకి ఫోన్ నంబరు బిళ్ళ తగిలించండి, ఆ రాత్రి పారిపోయే కుక్కలు బోలెడు. మాకయితే నాగులచవితి దాకా పేలుతూనే ఉంటాయి.

పాతకాలం_రావు | సెప్టెంబర్ 15, ఉదయం 10:20

ఒక చిన్న సందేహం. మా స్నోయీకి పదకొండేళ్ళు. గోళ్ళు బాగా పెరిగి నేల మీద టకటకమంటోంది, నడక కూడా మారింది. కత్తెర చూస్తే చాలు మంచం కింద. నలుగురం పట్టుకుంటే పోయినసారి రక్తమొచ్చింది.

డల్లాస్_హస్కీ | సెప్టెంబర్ 15, రాత్రి 8:00

రావు గారూ, నలుగురు పట్టుకోవడం ఆపెయ్యండి ముందు. మొదటి వారం కత్తెర నేల మీద పెట్టి పక్కన చికెన్ పెట్టండి అంతే. తర్వాత కత్తెర చేత్తో పట్టుకుంటే ముక్క. తర్వాత కత్తెర గోరుకి తగిలిస్తే ముక్క, కత్తిరించొద్దు. రెండో వారమో మూడో వారమో ఒకే ఒక్క గోరు, కొసన బియ్యపు గింజంత. తెల్ల గోళ్ళయితే లోపల గులాబీ రంగు నరం కనపడుతుంది, దాని దాకా పోవద్దు. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కి పట్టుకోండి. రోజుకొక గోరైనా నెల లోపు అన్నీ అయిపోతాయి.

పాతకాలం_రావు | సెప్టెంబర్ 15, రాత్రి 8:25

గోరుకో ముక్కా! కుక్క నన్ను ట్రైన్ చేస్తున్నట్టుంది. చూద్దాం.

రాకీవాళ్ళమ్మ | అక్టోబర్ 12, రాత్రి 9:18

నిన్న రాకీ గుర్రుమన్నాడు!!

ప్లంబర్ వచ్చాడు, వాడు తింటుంటే గిన్నె పక్క నుంచి బాత్రూంకి వెళ్ళబోయాడు. వీడు తల ఎత్తలేదు, చిన్నగా గుర్ర్ అన్నాడు, మూడు నెలల్లో ఇదే మొదటిసారి వినడం. మా వారు ప్లంబర్‌ని ఆపి, "కాసేపు ఆగు బాబూ, మా వాడు భోంచేస్తున్నాడు" అన్నారు. ఆయన అన్నారండి ఆ మాట! ప్లంబర్ మా వైపు అదోలా చూసి హాల్లో కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను, ఎందుకో తెలీదు.

మాతో మాత్రం ఇప్పుడు అంత బాధ లేదు. నేను గిన్నె పక్కనే నడవగలుగుతున్నా, తలెత్తి తోక ఊపుతున్నాడు. మా వారు మూడు అడుగులు. పాప ఇంకా తలుపు అవతలే. మా ఆడపడుచు ఇంకా పిల్లల్ని తీసుకురావట్లేదు, తప్పు పట్టను.

గుంటూరు_పశువైద్యుడు | అక్టోబర్ 13, ఉదయం 6:10

ప్లంబర్‌కి ఒక టీ ఇవ్వాల్సింది. పాప విషయంలో తొందర పడకండి, వాడికి ఏడాది దాటాక చూద్దాం.

పాతకాలం_రావు | అక్టోబర్ 13, ఉదయం 9:40

అమ్మాయ్, ముందు కాళ్ళు రెండూ అయిపోయాయి, రక్తం రాలేదు. వెనక కాళ్ళు మిగిలాయి. చికెన్ పావుకిలో తెస్తే మిగిలి వాసనొస్తోంది, ఫ్రిజ్‌లో ఎన్ని రోజులుంచొచ్చు?

రాకీవాళ్ళమ్మ | అక్టోబర్ 13, ఉదయం 9:52

ఉడికించింది కింద అరలో అయితే రెండు మూడు రోజులే బాబాయ్ గారూ. నేను శనగగింజంత ముక్కలు కోసి చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెడతా, ఏ రోజుది ఆ రోజు తీస్తా. ఉప్పు వెయ్యకండి.